వెలుగులో ఒక తీరు, చీకట్లో ఒక తీరు: ఈస్టు కణంలో డీఎన్ఏ మరమ్మతు

తాటి కల్లును పొంగించేది, బేకరీలో బన్ను పిండిని ఉబ్బించేది ఒకే జీవి. శాస్త్రవేత్తలు దాన్ని శాకరోమైసిస్ సెరివిసియే అంటారు, వాడుకలో ఈస్టు. దాని శరీరమంతా ఒక్క కణమే. అడ్డంగా కొలిస్తే మిల్లీమీటరులో సుమారు 200వ వంతు ఉంటుంది. అంత చిన్న కణంలోనూ మనిషి కణంలో ఉన్నట్టే కేంద్రకం ఉంది. అందులో 16 క్రోమోజోములు, వాటిలో సుమారు కోటీ 20 లక్షల జతల డీఎన్ఏ అక్షరాలు, దాదాపు 6,000 జన్యువులు ఉన్నాయి. కేంద్రకమున్న జీవుల్లో డీఎన్ఏ మొత్తాన్ని మొట్టమొదట చదివింది ఈస్టులోనే, 1996లో. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ అక్షరాలను చెడగొడతాయి. చెడిన అక్షరాన్ని వెతికి పట్టుకోవడానికి, సరిచేయడానికి, సరిచేసే వ్యవధి లేనప్పుడు దాన్ని దాటి ముందుకు పోవడానికి ఈస్టు కణంలో వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి. మనిషి చర్మం ఎండను ఎలా తట్టుకుంటుందన్న విషయంలో ఇవాళ తెలిసినదాంట్లో పెద్ద భాగం ఈ ఏర్పాట్లను విప్పి చూడడం వల్లే తెలిసింది.

కొల్లేరు సరస్సు దగ్గరి కైకలూరు ప్రాంతంలో ఈస్టుకు కొదవ లేదు. గట్ల మీది తాడిచెట్టుకు గీసిన గెల నుంచి కారే నీటిలో చక్కెర ఉంటుంది. గాలితో, పురుగులతో వచ్చిన ఈస్టు, పాత లొట్టి గోడలకు అంటుకుని ఉన్న ఈస్టు ఆ చక్కెరను గంటల్లోనే ఆల్కహాలుగా మారుస్తుంది. లొట్టికి సున్నం పూస్తే నీరా పులవకుండా తియ్యగా మిగిలేది ఈస్టూ దాని తోటి బ్యాక్టీరియా అందులో పెరగలేకపోవడం వల్లే. రొయ్యల చెరువుల రైతులు బెల్లం, తవుడు, ఈస్టు కలిపి డ్రమ్ముల్లో పులియబెట్టి నీటిలో చల్లుతారు. కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళు భూమధ్యరేఖకు ఉత్తరంగా పదహారున్నర డిగ్రీల చేరువలో ఉన్నాయి. అందుకని సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు, మే మొదటి వారం ప్రాంతంలోనూ ఆగస్టు మొదటి వారం ప్రాంతంలోనూ, మధ్యాహ్నం నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో కిరణాలు వాతావరణంలో తక్కువ దూరమే ప్రయాణిస్తాయి కనుక అతినీలలోహిత భాగం నేలకు ఎక్కువగా దిగుతుంది. పండు తొక్క మీదో, పువ్వు మీదో, గీసిన గెల మీదో ఉన్న ఈస్టు కణం అక్కడి నుంచి లేచి నీడకు పోలేదు.

సూర్యుడి అతినీలలోహిత కాంతిలో 280 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగాలను ఓజోన్ పొర ఆపేస్తుంది. 280 నుంచి 315 నానోమీటర్ల దాకా ఉన్నవాటిలో కొంత నేలకు చేరుతుంది. చర్మాన్ని కమిలించేదీ, నేల మీది జీవుల డీఎన్ఏకు ఎక్కువ నష్టం చేసేదీ అదే. డీఎన్ఏ అన్నింటికన్నా బాగా పీల్చుకునేది 260 నానోమీటర్ల దగ్గరి కాంతిని. అందుకే ప్రయోగశాలల్లో 254 నానోమీటర్ల కాంతినిచ్చే పాదరసపు దీపాలు వాడతారు. నీళ్ళ ప్లాంట్లలో క్రిములను చంపడానికి ఎక్కువగా బిగించేవీ ఈ రకం దీపాలే.

డీఎన్ఏ రెండు పోగుల మెలిక. అందులో అక్షరాలు నాలుగే: అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. ఒక పోగులో అడినిన్ ఉన్నచోట ఎదుటి పోగులో థైమిన్ ఉంటుంది, గ్వానిన్ ఉన్నచోట సైటోసిన్ ఉంటుంది. ఈ జత నియమం గుర్తుంటే మరమ్మతు సంగతంతా తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే ఒక పోగు చెడినా ఎదుటి పోగును చూసి దాన్ని మళ్ళీ రాసుకోవచ్చు. ఒకే పోగులో రెండు థైమిన్లు పక్కపక్కన ఉన్నచోట అతినీలలోహిత కాంతి పడితే ఆ రెండూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. రెంటి నడుమ నాలుగు కార్బన్ పరమాణువుల వలయం ఏర్పడుతుంది. దీన్ని డైమర్ అంటారు. థైమిన్ పక్కన సైటోసిన్ ఉన్నా, రెండు సైటోసిన్లు ఉన్నా ఇలా జరగవచ్చు, కాకపోతే థైమిన్ల జంటలోనే ఎక్కువ. 1960లో హాలండ్‌లో బ్యూకర్స్, బెరెండ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గడ్డకట్టించిన థైమిన్ ద్రావణం మీద ఈ కిరణాలు ప్రసరింపజేసి డైమర్‌ను గుర్తించారు. అతుకు పడడానికి పట్టే సమయం సెకనులో సుమారు లక్ష కోట్లవ వంతు అని 2007లో కొలిచారు. కాంతి తగిలిన క్షణానికీ నష్టం జరిగిన క్షణానికీ నడుమ కణం అడ్డుపడే వ్యవధే లేదు.

ఇంకో రకం అతుకు కూడా ఉంది. ఒక అక్షరంలోని ఆరో స్థానం, పక్క అక్షరంలోని నాలుగో స్థానం కలవడం వల్ల ఏర్పడుతుంది కాబట్టి దాన్ని 6-4 అతుకు అంటారు. సంఖ్యలో ఇది డైమర్ల కన్నా తక్కువ. అయితే డీఎన్ఏ మెలికను మరింతగా వంకర తిప్పుతుంది. డైమర్ ఉన్నచోట డీఎన్ఏ 30 డిగ్రీల మేర వంగినట్టు స్ఫటికాల పరీక్షలో కనిపించింది. కణం రెండుగా విడిపోయే ముందు డీఎన్ఏను నకలు తీసే ఎంజైము ఈ వంకర దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. జన్యువును చదివి ఆర్ఎన్ఏ తయారుచేసే ఎంజైమూ అంతే. నకలు ఆగితే కణం చస్తుంది. తప్పు అక్షరం పెట్టి ముందుకు పోతే ఆ తప్పు పిల్ల కణాలన్నింటికీ సంక్రమిస్తుంది.

ఈ అతుకును విప్పడానికి ఈస్టుకున్న అన్నింటికన్నా సూటి సాధనం వెలుగే. అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ కెల్నర్ స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవి బీజాల మీద అతినీలలోహిత కిరణాలు వేసి ఎన్ని బతుకుతున్నాయో లెక్కపెట్టేవాడు. మోతాదు ఒకటే అయినా ఒకసారి కొన్నే బతికేవి, ఇంకోసారి ఎన్నో రెట్లు బతికేవి. మొదట ఉష్ణోగ్రత మీద అనుమానపడ్డాడు. చివరికి తేలింది ఏమిటంటే, కిరణాలు తగిలాక బీజాల మీద పడిన మామూలు వెలుతురే వాటిని బతికిస్తోంది. ఈ సంగతి 1949లో ప్రకటించాడు. అదే ఏడాది రెనాటో డల్బెకో బ్యాక్టీరియాను పీడించే వైరస్‌ల విషయంలోనూ ఇదే జరుగుతుందని చూపించాడు.

వెలుతురు తనంతట తానే ఈ పని చేస్తోందా, కణంలోని ఏదైనా వస్తువు చేత చేయిస్తోందా అన్న ప్రశ్నను తేల్చినవారిలో ముఖ్యుడు క్లాడ్ రూపర్ట్. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆయన బేకరీ ఈస్టు నుంచి తీసిన రసాన్ని, కిరణాలతో చెడిన బ్యాక్టీరియా డీఎన్ఏతో గాజు గొట్టంలో కలిపి వెలుతురులో పెట్టాడు. పనికిరాకుండా పోయిన డీఎన్ఏ తిరిగి పనిచేసింది. చీకట్లో ఉంచితే చేయలేదు. అంటే ఈస్టు రసంలో కాంతితో నడిచే ఎంజైము ఒకటి ఉంది. 1960 నాటికి ఇది స్థిరపడింది. కణం బయట, గాజు గొట్టంలో డీఎన్ఏను బాగుచేయించిన తొలి ప్రయోగాల్లో ఇదొకటి. ఆ ఎంజైము పేరు ఫోటోలయేజ్. దాని మీద రూపర్ట్ దగ్గర పరిశోధన మొదలుపెట్టిన తుర్కియే విద్యార్థి అజీజ్ సాంకార్ 2015లో తోమస్ లిండాల్, పాల్ మోడ్రిచ్‌లతో కలిసి డీఎన్ఏ మరమ్మతు పరిశోధనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఫోటోలయేజ్ పనితీరు శాస్త్రంలోని ముచ్చటైన విషయాల్లో ఒకటి. ఇది డైమర్‌ను చీకట్లోనే వెతికి పట్టుకుంటుంది. అతుక్కున్న జంటను మెలికలోంచి బయటికి తిప్పి, తన ఒంట్లోని గుంటలోకి లాక్కుంటుంది. తర్వాత వెలుతురు కోసం కాచుకుని ఉంటుంది. దానికి కావలసింది ఊదా, నీలి రంగుల కాంతి. ఎంజైములో రెండు చిన్న సహాయక అణువులు ఇమిడి ఉంటాయి. ఒకటి ఫోలిక్ ఆమ్లం కుటుంబానికి చెందిన ఫోలేటు, రెండోది బి2 విటమిన్ నుంచి తయారయ్యే ఎఫ్ఏడీ. ఫోలేటు కాంతిని అందుకుని ఆ శక్తిని ఎఫ్ఏడీకి ఇస్తుంది. ఎఫ్ఏడీ తన ఎలక్ట్రాన్ ఒకదాన్ని డైమర్‌కు అందిస్తుంది. దాంతో నాలుగు కార్బన్ల వలయం తెగిపోయి రెండు థైమిన్లు విడివడతాయి. పని అయ్యాక ఎలక్ట్రాన్ మళ్ళీ ఎఫ్ఏడీకి చేరుతుంది. ఇదంతా సెకనులో వంద కోట్లవ వంతు చేరువలో ముగుస్తుంది. పోగును ఎక్కడా కోయలేదు, కొత్త అక్షరం పెట్టలేదు, పొరపాటుకు తావే లేదు.

ఆ ఫోలేటు చరిత్రలో ఈ ప్రాంతపు మనిషి ఒకరున్నారు. కైకలూరులో రైలెక్కి ఆకివీడు, ఉండి దాటితే వచ్చే భీమవరంలో 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు పుట్టారు. 1920ల చివర బొంబాయికి వచ్చిన ఇంగ్లండు వైద్యురాలు లూసీ విల్స్, గర్భిణులను పట్టి పీడిస్తున్న ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతోందని 1931లో ప్రకటించింది. ఆ సారంలో పనిచేసిన పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తర్వాత తెలిసింది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన 1948 ఆగస్టులో కన్నుమూశారు. వెలుతురు మరమ్మతు గురించి కెల్నర్ ప్రకటించింది ఆ మరుసటి ఏడాదే. ఫోటోలయేజ్‌లో కాంతిని అందుకునే అణువు ఫోలేటేనని 1980ల చివర సాంకార్ దంపతుల పరిశోధనల్లో బయటపడింది. రక్తహీనతకు మందుగా పేరుపొందిన విటమిన్‌కు ఈస్టు కణంలో ఇలాంటి ఉద్యోగం ఒకటుందని అప్పటిదాకా ఎవరూ ఊహించలేదు.

ఫోటోలయేజ్ చేపల్లో ఉంది, కప్పల్లో ఉంది, ఎన్నో మొక్కల్లో ఉంది. మనిషికి మాత్రం లేదు. గేదెకూ ఆవుకూ లేదు. మాయ ద్వారా గర్భంలో పిల్లను పోషించే జంతువుల శాఖ ఏ కాలంలోనో దాన్ని పోగొట్టుకుంది. కాబట్టి చెరువులోని శీలావతికి ఉన్న సౌకర్యం దాన్ని పట్టే మనిషికి లేదు. ఈస్టులోనూ దానికి హద్దులున్నాయి. అది డైమర్‌నే విప్పగలదు, 6-4 అతుకు జోలికి పోలేదు. పైగా కణంలో డీఎన్ఏ చాలావరకు హిస్టోన్లనే ప్రోటీన్ల ఉండల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో ఫ్రిట్జ్ తోమా బృందం ఈస్టులో గమనించినదాని ప్రకారం, ఉండల మధ్య ఖాళీగా ఉన్న డీఎన్ఏను ఫోటోలయేజ్ పావుగంట నుంచి అరగంటలో బాగుచేస్తే, ఉండలకు చుట్టుకున్న డీఎన్ఏకు రెండు గంటల దాకా పట్టింది. ఇక రాత్రి అయితే వెలుతురు ఊసే లేదు.

చీకట్లో ఈస్టు చేసే మరమ్మతు వేరు. కొల్లేటి జాలరి చిరిగిన వలను బాగుచేసేటప్పుడు తెగిన కన్ను ఒక్కదాన్నే ముడేయడు. చుట్టూ మంచి పోగు దొరికేదాకా కొంత మేర కోసి తీసేసి, పక్క కన్నుల కొలత చూసి కొత్త దారంతో అల్లుతాడు. కణం చేసేదీ ఇదే. అతుక్కున్న రెండు అక్షరాల కోసం సుమారు 24 నుంచి 27 అక్షరాల పోగును కోసి పారేస్తుంది. దీన్ని కత్తిరింపు మరమ్మతు అనవచ్చు.

ముందు చెడిన చోటు దొరకాలి. రాడ్4, రాడ్23 అనే రెండు ప్రోటీన్లు జంటగా ఆ పని చేస్తాయి. ఆశ్చర్యమేమిటంటే రాడ్4 అతుకును ముట్టుకోదు. 2007లో మిన్, పావ్లెటిచ్ అనే శాస్త్రవేత్తలు బయటపెట్టిన నిర్మాణంలో, రాడ్4 తన ప్రోటీన్ మడతను డీఎన్ఏ మెలికలోకి దూర్చి చెడిన జంటను బయటికి నెట్టేసింది, ఎదుటి పోగులోని మంచి అక్షరాలనే పట్టుకుంది. జత కుదరక వదులైన చోటును అది వెతుకుతుందన్న మాట. ఆ వదులు దేనివల్ల వచ్చిందన్నది దానికి అనవసరం. కాబట్టి అతినీలలోహిత కిరణాలు చేసిన అతుకునే కాదు, రసాయనాలు చేసిన ఉబ్బులను కూడా ఇదే ఏర్పాటు పట్టుకోగలదు. రాడ్14 అనే ఇంకో ప్రోటీన్ చెడిన చోటును నిర్ధారించడంలో సాయపడుతుంది.

తర్వాత టీఎఫ్ఐఐహెచ్ అనే పెద్ద ప్రోటీన్ల గుంపు వచ్చి రెండు పోగులనూ విడదీస్తుంది. అందులోని రాడ్3, రాడ్25 అనే భాగాలు ఏటీపీని ఖర్చుచేసి ఆ పని నడుపుతాయి. ఏటీపీ అంటే కణంలో శక్తిని మోసే అణువు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు కండరాల నుంచి దాన్ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుగొన్నాడు. పోగులు విడిపోయాక రాడ్1, రాడ్10 కలిసి చెడిన చోటుకు ఒక పక్కన, రాడ్2 ఇంకో పక్కన పోగును కోస్తాయి. ఆ ముక్క ఊడి వస్తుంది. ఖాళీ అయిన చోటును డీఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైము ఎదుటి పోగును చూసి పూరిస్తుంది. చివరి ముడిని లైగేజ్ అనే ఎంజైము వేస్తుంది. 1995లో సత్యప్రకాశ్, లూయీజ్ ప్రకాశ్ దంపతుల బృందం ఈ ఈస్టు ప్రోటీన్లను విడివిడిగా శుద్ధిచేసి, గాజు గొట్టంలో కలిపి, కోత మొత్తాన్ని జరిపించి చూపింది. కాంతి లేకుండా పనిలేని ఫోటోలయేజ్ కూడా చీకట్లో ఊరికే ఉండదు. డైమర్‌ను పట్టుకుని ఉండి, కత్తిరింపు బృందం ఆ చోటును తొందరగా చేరుకోవడానికి తోడ్పడుతుందని 1989లో తెలిసింది.

ఈ ప్రోటీన్ల పేర్లన్నింటికీ ముందు రాడ్ అని ఉండడానికి కారణం వాటిని వెతికిన పద్ధతిలోనే ఉంది. 1960ల చివర ఆక్స్‌ఫర్డ్‌లో బ్రయన్ కాక్స్, జేమ్స్ పారీ, జపాన్‌లో నకాయ్, మత్సుమోతో వేలాది ఈస్టు కణాల జన్యువులను అక్కడక్కడా చెడగొట్టి, అతినీలలోహిత కాంతికి మామూలు కన్నా తొందరగా చచ్చే వంశాలను ఏరారు. చచ్చేది ఎందుకు? మరమ్మతు సామగ్రిలో ఏదో ఒకటి విరిగింది కాబట్టి. రేడియేషన్‌కు తట్టుకోలేనివి గనుక వాటికి రాడ్ అన్న పేరుతో అంకెలు వేశారు. ఆ తర్వాత రెండేసి లోపాలను ఒకే కణంలో కలిపి చూస్తే అవి మూడు గుంపులుగా విడివడ్డాయి: కత్తిరింపు గుంపు, నకలు తీసేటప్పుడు డైమర్‌ను దాటించే గుంపు, డీఎన్ఏ ముక్కలను ఇచ్చిపుచ్చుకునే గుంపు. మూడు గుంపుల్లోనూ ఒక్కొక్కటి విరిగిన కణాన్ని కాక్స్, జాన్ గేమ్ తయారుచేసి 1974లో వివరించారు. దాని డీఎన్ఏ మొత్తంలో ఒకటి రెండు డైమర్లు పడితే చాలు, చచ్చిపోయేది. కోటీ 20 లక్షల జతల్లో ఒకటి రెండు! మరమ్మతు లేని జీవితం ఎంత పెళుసైనదో ఇంతకన్నా స్పష్టంగా చెప్పిన ప్రయోగం అరుదు.

కణం తన డీఎన్ఏ అంతటినీ ఒకే వేగంతో బాగుచేయదు. ఆ క్షణంలో వాడుకలో ఉన్న జన్యువులకు మొదటి వంతు. జన్యువును చదువుతున్న ఆర్ఎన్ఏ పాలిమరేజ్ డైమర్ దగ్గర ఆగిపోగానే, రాడ్26 అనే ప్రోటీన్ ఆ ఆగిన ఎంజైమును గుర్తుగా తీసుకుని కత్తిరింపు బృందాన్ని అక్కడికి రప్పిస్తుంది. చదవని పోగు, నిద్రలో ఉన్న జన్యువులు రాడ్7, రాడ్16 వంతుకు వస్తాయి. అవి తీరిగ్గా, నెమ్మదిగా బాగవుతాయి. ఆగిపోయిన ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అడ్డంగా కూర్చోవడం వల్ల చదివే పోగులోని డైమర్‌ను ఫోటోలయేజ్ అందుకోలేదు, చదవని పోగులోదాన్ని మాత్రం సులువుగా విప్పుతుంది. వెలుతురు మరమ్మతు ఒక పోగును, చీకటి మరమ్మతు ఇంకో పోగును ముందుగా అందుకోవడం వల్ల పగటిపూట రెండూ కలిసి జన్యువంతటినీ సరిచేస్తాయి.

అయినా కొన్ని డైమర్లు మిగిలిపోతాయి. తిండి సమృద్ధిగా ఉన్న ఈస్టు గంటన్నరకు ఒకసారి రెండవుతుంది. ఆ హడావుడిలో నకలు తీసే యంత్రాంగం ఇంకా బాగుకాని డైమర్ దగ్గరికి వచ్చి ఆగుతుంది. అప్పుడు రాడ్6, రాడ్18 అనే జంట పీసీఎన్ఏ అనే ప్రోటీన్‌కు యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను తగిలిస్తుంది. డీఎన్ఏ చుట్టూ ఉంగరంలా ఉండి నకలు ఎంజైమును పట్టి ఉంచేది పీసీఎన్ఏ. దానికి తగిలించిన గుర్తు చూసి మామూలు ఎంజైము తప్పుకుని ప్రత్యేక ఎంజైము వస్తుంది. 1999లో ప్రకాశ్ దంపతుల బృందం రాడ్30 జన్యువు నుంచి అలాంటి ఎంజైము ఒకటి తయారవుతుందని చూపింది. దాని పేరు పాలిమరేజ్ ఈటా. అతుక్కున్న రెండు థైమిన్లకు ఎదురుగా అది రెండు అడినిన్లనే పెడుతుంది, అంటే సరైన అక్షరాలనే. డైమర్ అలాగే ఉంటుంది, నకలు మాత్రం తప్పు లేకుండా వస్తుంది.

అన్ని చోట్లా ఇంత చక్కగా కుదరదు. పాలిమరేజ్ జీటా అనే మరో ఎంజైముంది. ఎలాగోలా దాటించడమే దాని పని, తప్పు అక్షరం పడినా సరే. అతినీలలోహిత కాంతి ఈస్టులో కలిగించే మ్యుటేషన్లలో, అంటే అక్షరాల మార్పుల్లో, ఎక్కువ భాగం ఈ దారిలోనే వస్తాయి. ఆ ఎంజైము జన్యువును తీసేస్తే మ్యుటేషన్లు బాగా తగ్గుతాయి, కానీ కణం కిరణాలను తట్టుకునే శక్తి కూడా కొంత తగ్గుతుంది. చావు కన్నా తప్పు మేలన్నది ఇక్కడ కణం అనుసరించే పద్ధతి. మూడో దారి కూడా ఉంది. పీసీఎన్ఏకు ఒకటికి బదులు యుబిక్విటిన్ల గొలుసు తగిలితే, నకలు ఎంజైము చెడిన పోగును వదిలి, అప్పుడే తయారైన సోదర పోగును చూసి ఆ చోటి అక్షరాలు రాసుకుంటుంది.

డైమర్ వద్ద ఆగిన నకలు ఒక్కోసారి డీఎన్ఏలో ఖాళీలు, తెగిన చోట్లు మిగులుస్తుంది. అప్పుడు రాడ్51 రంగంలోకి దిగుతుంది. ఇది ఒంటరి పోగు చుట్టూ దండలా అల్లుకుని, అదే వరుస ఉన్న మరో డీఎన్ఏను వెతికి, దాన్ని చూసి ఖాళీ పూరించుకునేలా చేస్తుంది. ఈ రాడ్51 మీద తెలుగు నేల మీదా పరిశోధన సాగింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సునంద భట్టాచార్య, మృణాల్ భట్టాచార్య బృందాలు, ఈస్టులో ఇతర ప్రోటీన్లకు అండగా ఉండే హెచ్ఎస్‌పీ90 సరిగా పనిచేయకపోతే రాడ్51 మీద ఆధారపడిన మరమ్మతు కుంటుపడుతుందని 2015లో ప్రచురించాయి.

మరమ్మతుకు సమయం కావాలి. ఆ సమయాన్ని కణం తానే కల్పించుకుంటుంది. నష్టం కనబడగానే మెక్1, రాడ్53 అనే ప్రోటీన్లు హెచ్చరిక అందించి కణ విభజనను ఆపిస్తాయి. 1988లో వైనర్ట్, హార్ట్‌వెల్ ఎక్స్ కిరణాలతో చేసిన ప్రయోగంలో, రాడ్9 లోపించిన ఈస్టు ఆగకుండా విభజించుకుని చచ్చేది. ఒక మందుతో విభజనను బలవంతంగా కాసేపు ఆపితే వాటిలో చాలా బతికేవి. అంటే వాటికి మరమ్మతు చేతనవును, ఆగడమే చేతకాదు. లీలండ్ హార్ట్‌వెల్‌కు కణ విభజన పరిశోధనకు గాను 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. విభజన ఆగిన ఆ కాసేపట్లో కణం డీఎన్ఏకు కావలసిన ముడిసరుకును కూడా పెంచుకుంటుంది. మామూలు రోజుల్లో ఆ తయారీని అదుపులో పెట్టే ఎస్ఎమ్ఎల్1 అనే ప్రోటీన్‌ను తొలగిస్తుంది. నష్టం జరిగాక ముడిసరుకు నిల్వ 6 నుంచి 8 రెట్లు పెరుగుతుందని 2003లో కొలిచారు.

ఈస్టులో తెలిసిన ఈ సంగతులు నేరుగా ఒక మానవ వ్యాధిని వివరించాయి. జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే అరుదైన వ్యాధితో పుట్టిన పిల్లలకు కాస్త ఎండ తగిలినా చర్మం కములుతుంది, చిన్న వయసులోనే మచ్చలు, చర్మపు క్యాన్సర్లు వస్తాయి. వారి కణాల్లో కత్తిరింపు మరమ్మతు లోపించిందని 1968లో జేమ్స్ క్లీవర్ కనుగొన్నాడు. ఏ జన్యువులు చెడ్డాయో వెతికితే అవి చాలావరకు ఈస్టులో ముందే తెలిసినవాటికి చుట్టాలే. ఈస్టు రాడ్14 లాంటిది మనిషిలో ఎక్స్‌పీఏ, రాడ్4 లాంటిది ఎక్స్‌పీసీ, రాడ్3 లాంటిది ఎక్స్‌పీడీ, రాడ్2 లాంటిది ఎక్స్‌పీజీ. కత్తిరింపు సరిగానే ఉన్నా వ్యాధి ఉన్న మరో రకం రోగులు చాలాకాలం చిక్కుముడిగా ఉన్నారు. వారిలో చెడింది పాలిమరేజ్ ఈటా అని 1999లోనే తేలింది, ఈస్టు రాడ్30 గుట్టు బయటపడిన ఏడాదే. ఫోటోలయేజ్ లేని మనిషికి డైమర్ల విషయంలో కత్తిరింపే ఆధారం కాబట్టి ఆ ఒక్కటీ చెడితే ఎండ అంత ప్రమాదకరమవుతుంది. ఇలాంటి పిల్లలను ఎండ తగలకుండా పెంచడమే ఇప్పటికీ ప్రధానమైన రక్షణ.

ఇదే జ్ఞానం తాగునీటి ప్లాంట్లకూ, తీరంలో రొయ్య సీడ్ తయారుచేసే హేచరీలకూ పనికొస్తుంది. 254 నానోమీటర్ల దీపం కింద నుంచి ప్రవహించిన నీటిలోని క్రిములు ముక్కలై కరిగిపోవు. వాటి డీఎన్ఏలో డైమర్లు పడి విభజన ఆగిపోతుంది, అంతే. ఈ. కోలై వంటి బ్యాక్టీరియాకు ఈస్టుకు ఉన్నట్టే ఫోటోలయేజ్ ఉంది. మోతాదు చాలకుండా బయటపడ్డ క్రిములున్న నీరు ఆ వెంటనే ఎండ పడే తొట్టిలోకి చేరితే, వాటిలో కొన్ని కోలుకుని మళ్ళీ పెరగగలవు. చీకట్లో కత్తిరింపు మరమ్మతు కూడా నడుస్తుంది, కాకపోతే దాని వేగం తక్కువ. నీరు మడ్డిగా ఉంటే కిరణాలు లోపలిదాకా పోవు. దీపం పాతబడితే, గాజు గొట్టానికి పాచి పడితే మోతాదు పడిపోతుంది. అందుకని ముందు వడకట్టడం, గొట్టాన్ని తరచుగా తుడవడం, దీపాన్ని గడువుకు మార్చడం, శుద్ధిచేసిన నీటిని వెలుతురు తగలని మూత ట్యాంకులోకి పంపడం అవసరమవుతాయి. క్లోరిన్ నీటిలో కొంతసేపు నిలిచి పనిచేస్తుంది. అతినీలలోహిత కాంతి ప్రభావం దీపం దాటగానే ఆగిపోతుంది కాబట్టి ఆ తర్వాత నీటిలో చేరే కొత్త క్రిముల మీద దానికి పట్టు ఉండదు. వైరస్‌లలో చాలావాటికి సొంత మరమ్మతు సామగ్రి లేదు, కానీ కొన్ని తాము జొరబడిన కణంలోని కత్తిరింపు ప్రోటీన్లనే వాడుకుంటాయి. రెండు పోగుల డీఎన్ఏ ఉన్న అడినోవైరస్‌లను ఈ దీపాలతో అణచడానికి మిగతావాటికన్నా పెద్ద మోతాదు కావలసి రావడానికి అదే కారణం.